తెరచాప పడవలో భీమిలికి: వెళ్లడం తేలికే, తిరిగి రావడమే చిక్కు

ప్రశ్న: మా మరిది ఇటీవల 24 అడుగుల తెరచాప పడవ కొన్నారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఆరింటికి విశాఖపట్నం రేవు నుంచి బయలుదేరి, భీమిలి దాకా వెళ్లి, చీకటి పడేలోగా తిరిగి రావాలని అనుకుంటున్నాం. మా పిల్లలకు పన్నెండేళ్లు, ఎనిమిదేళ్లు. ఈ ప్రయాణం సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నెల చక్కగా ఎంచుకున్నారు. తుపానుల కాలం గడిచిపోయి ఉంటుంది, నైరుతి రుతుపవనాలకు ఇంకా వ్యవధి ఉంటుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమలులో ఉన్నప్పుడు సాయానికి పిలుద్దామన్నా దరిదాపుల్లో మరపడవలు కనిపించవు. ఫిబ్రవరిలో ఆ ఇబ్బంది లేదు.

రేవు ముఖద్వారం నుంచి భీమిలికి ఈశాన్యంగా సుమారు 15 నాటికల్ మైళ్లు, అంటే 28 కిలోమీటర్లు. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి మీ పడవకు పక్కవాటుగా తగులుతుంది కాబట్టి గంటకు నాలుగు మైళ్ల చొప్పున పది గంటలకల్లా భీమిలి ఎదుటికి చేరవచ్చు. అయితే సరిగ్గా ఆ వేళకే ఆ గాలి పడిపోతుంది. మధ్యాహ్నానికి లేచే సముద్రపు గాలి ఈ తీరంలో చాలాసార్లు దక్షిణం, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. మీరు తిరిగి వెళ్లవలసిందీ అటే. ఎదురుగాలిలో అటొక వాలు, ఇటొక వాలు తిప్పుకుంటూ పోతే 15 మైళ్లు 21 మైళ్లవుతాయి. దానికి తోడు ఫిబ్రవరి నుంచి మే వరకు తీరం వెంబడి నీరు ఈశాన్యానికే పారుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు మళ్లినా సూర్యాస్తమయంలోగా రేవు చేరడం కష్టం.

అందువల్ల నా సలహా, ఈసారికి రుషికొండ ఎదుటి నుంచే వెనుదిరగండి. అది సగం దూరం. ఎనిమిదికి అక్కడికి చేరి, పిల్లలకు ఫలహారం పెట్టి వెంటనే పడవ మళ్లిస్తే, అదే పొద్దుటి గాలి మళ్లీ పక్కవాటుగానే తగిలి మిమ్మల్ని తిరిగి తీసుకువస్తుంది. మధ్యలో గాలి పడిపోతే ఇంజను ఉండనే ఉండాలి, ఎందుకంటే నేల గాలికి వదిలేసిన పడవ ఒడ్డుకు రాదు, లోపలికి కొట్టుకుపోతుంది. రుషికొండ ఇసుకలో దిగాలన్న కోరిక మాత్రం వద్దు. కెరటాలు విరిగే చోట ఇలాంటి పడవ తిరగబడుతుంది. పెద జాలారిపేట ఎదుట వలల బెండ్లు కనిపిస్తే దూరంగా తప్పుకోండి, ఆ తాళ్లు చుక్కానికి చుట్టుకుంటాయి.

ఇది నౌకాదళ స్థావరం ఉన్న రేవు కనుక అనుమతులు ముందే తీసుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ వెలువరించే అలల అంచనా ముందు రోజు చూడండి; అలలు ఒకటిన్నర మీటర్లు దాటేలా ఉంటే పిల్లలతో వెళ్లవద్దు. ఆపదలో తీర రక్షక దళానికి 1554 నంబరు, వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లకు పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ బిగించి కట్టినా నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. బరువుకు తగినదీ, తొడల మధ్య పట్టీ ఉన్నదీ కొని, ముందుగా ఈతకొలనులో తొడిగి చూడండి. వాంతుల మందు పిల్లల వైద్యుణ్ణి అడిగే ఇవ్వండి.