నాలుగు తోరణాలు మూడైపోతే...

ప్రశ్న: వరంగల్ కోటలో కీర్తితోరణాల చుట్టూ నడుస్తూ ఫోన్‌లో 4కె వీడియో తీశాను. ఫ్రేములు విడదీసి, ఫొటోల నుంచి త్రీడీ మోడల్ కట్టే కోల్‌మ్యాప్ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, త్రీడీ మోడల్‌లో రెండు తోరణాలు ఒకదాని మీద ఒకటి పడి మూడే కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చాలా?
– హనుమకొండ పాఠకుడు

జవాబు: మార్చినా ఇదే తంతు. స్వయంభూ శివాలయం శిథిలాలకు నాలుగు దిక్కులా ఉన్న ఆ తోరణాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఒకదాని చెక్కడంలో దొరికిన గుర్తులే ఎదుటిదానిలోనూ దొరికితే కోల్‌మ్యాప్ రెండింటినీ ఒకటే అనుకుంటుంది. మీరు ప్రతి ఫ్రేమును అన్నింటితో పోల్చే ఎగ్జాస్టివ్ మ్యాచింగ్ వాడి ఉంటారు. ఫ్రేములను వరుసలోనే పోల్చే సీక్వెన్షియల్‌కు మారి, ‘పాత చోటికే తిరిగొచ్చాం’ అని పోల్చుకునే లూప్ డిటెక్షన్ ఆపేయండి. పక్కపక్క ఫ్రేములే కలుస్తాయి.

దీనికీ ఓ తిరకాసుంది. చుట్టు తిరిగొచ్చేసరికి చిన్న చిన్న తేడాలు పేరుకుపోయి మొదలూ చివరా అతకవు. అందుకే బయల్దేరిన చోటు దాటి మరో పది అడుగులు నడవండి. మొదటి 20, చివరి 20 ఫ్రేముల జతలను మాత్రం ఫైల్లో రాసి విడిగా మ్యాచింగ్‌కు ఇవ్వండి.

సెకనుకు 2 ఫ్రేములు చాలు. మూడు నిమిషాలకు 360 వస్తాయి. అంతకు మించి తీస్తే కంప్యూటర్‌కు చాకిరీయే తప్ప వివరం పెరగదు. షట్టర్ వేగం మాత్రం 1/500 సెకనుకు తగ్గనివ్వకండి. మూడు మీటర్ల దూరంలో మెల్లగా నడిచినా, 1/60 దగ్గర చెక్కడం తొమ్మిది పది పిక్సెళ్లు సాగిపోతుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. చేతి వణుకును సరిచేసే ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఆపండి, అది ఫ్రేమును ఇష్టమొచ్చినట్టు కత్తిరిస్తుంది. నిలబడ్డచోటే తిరిగి తీసిన ముక్కలు దండగ. కెమెరా పక్కకు జరిగితేనే లోతు తెలుస్తుంది.

వేయి స్తంభాల గుడికి వెళ్తే మబ్బు పట్టిన రోజు చూసుకోండి. నున్నటి నల్లరాతి మీద మెరుపు మనతోపాటే కదులుతుంది. మోడల్‌లో స్తంభాలకు చిల్లులు పడేది అక్కడే.

ప్రశ్న: ఇలా వీడియోతో చేసిన మోడల్‌లో స్తంభం ఎత్తు మీటర్లలో కొలవొచ్చా?
– పరకాల పాఠకురాలు

జవాబు: నేరుగా కుదరదు. ఒక్క కెమెరా వీడియోలో ఆకారం దొరుకుతుంది గానీ అసలు సైజు దొరకదు. నేల మీద రెండు గుర్తులు పెట్టి టేపుతో కొలవండి, రెండూ వీడియోలో పడాలి. వాటి మధ్య అసలు దూరం 5 మీటర్లుండి, త్రీడీ మోడల్‌ను కొలిచే క్లౌడ్‌కంపేర్ సాఫ్ట్‌వేర్‌లో 2.4 అని వస్తే మోడల్‌ను 2.083 రెట్లు పెంచాలి. సరిచూసుకోవడానికి ఇంకో కొలత దగ్గరుంచుకోండి, వీలైతే నిలువుది.