గట్టిగా చెప్పడానికి ఏ ఇంగ్లిష్ మాట?

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి కింద ఉన్న పీజీ హాస్టల్లో ముప్పావు వంతు మన తెలుగు పిల్లలే. అనంతపురం, కడప, ఒంగోలు, శ్రీకాకుళం, అన్ని యాసలూ మెట్ల మీద వినిపిస్తాయి. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని పైకొస్తారు. "అక్కా, ఈ మెయిల్ ఒక్కసారి చూడవా?" నేను 2005లో హిందూపురం నుంచి ఈ ఊరొచ్చినప్పుడు ఇలా చూసిపెట్టే మనిషి నాకు లేదు. అందుకే ఎవరొచ్చినా కాదనను.

గత నెల వచ్చిన తమ్ముడు ఫ్లాట్ ఖాళీ చేసి పీజీకి మారాడు. బెంగళూరు ఇళ్ల సంగతి మీకూ తెలిసే ఉంటుంది, అడ్వాన్స్ కింద లక్షలు కట్టి దిగుతాం, వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో అందులోంచి కోస్తారు. ఒక నెల అద్దె పట్టుకుంటానన్న ఓనర్ ఇప్పుడు రెండు నెలలది అంటున్నాడట. తమ్ముడు ఓనర్‌కి రాసిన మెయిల్ ఇలా మొదలైంది: "ఐ క్లెయిమ్ దట్ ద వాల్స్ వర్ క్లీన్." గోడలు శుభ్రంగానే ఉన్నాయని గట్టిగా చెప్పాలన్నది అతని ఉద్దేశం. కానీ చదివేవాళ్లకి అది "ఉన్నాయని నేనైతే అంటున్నాను, నమ్మేదీ నమ్మనిదీ మీ ఇష్టం" అన్నట్టు వినిపిస్తుంది. తన మాట మీద తనే అనుమానం చల్లుకున్నాడు పాపం.

ఈ తప్పు మనకెందుకు వస్తుందో చాలా ఏళ్లు ఆలోచించాను. తెలుగులో క్రియ దాదాపు ఎప్పుడూ ఒకటే, చెప్పడం. గట్టిదనమంతా దాని ముందు చేరే మాటలో ఉంటుంది. నొక్కి చెప్పాడు, తెగేసి చెప్పాడు, బల్లగుద్ది చెప్పాడు, ఒట్టేసి చెప్పాడు, కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. ఇంగ్లిష్‌లో ఆ ముందు మాట కూడా క్రియ లోపలే దాగి ఉంటుంది. డిక్షనరీ తెరిస్తే క్లెయిమ్, అసర్ట్, ఇన్సిస్ట్ లాంటి వాటికి దాదాపు "నొక్కి చెప్పు" అనే కనిపిస్తుంది. దాంతో ఏది వాడినా ఒకటేలే అనుకుంటాం.

క్లెయిమ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎక్కువ గొడవలు దీనితోనే వస్తాయి. దీని మూలం లాటిన్‌లో అరవడం అనే అర్థమున్న మాట. నాది నాకివ్వమని కేకవేసి అడగడం. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఆ అర్థం ఇప్పటికీ ఉంది. కానీ "హి క్లెయిమ్స్" అన్నప్పుడు, అతను అంటున్నాడు గానీ రుజువు కాలేదు అని ధ్వని. ఇక్కడే మన "అట" మనల్ని పడేస్తుంది. "వస్తాడట" అంటే విన్నమాట చెప్పానంతే, అనుమానం ఉండాలని లేదు. ఇంగ్లిష్ క్రియకి అలా తగిలించే "అట" లేదు. ఆ ఖాళీలో మనవాళ్లు క్లెయిమ్ పెట్టేస్తారు.

పక్కనున్న కన్నడంలో మాత్రం సరిగ్గా మన "అట" లాంటిదే ఉంది. "బర్తానంతె" అంటే వస్తాడట అని. కొత్తగా వచ్చినవాళ్లు ఆ చివరి మాటని మన "అంతే" అనుకుని, వస్తాడు, ఇక తిరుగులేదు అని అర్థం చేసుకుంటారు. అది విన్నమాట మాత్రమే. ప్లంబర్ "నాళె బర్తానంతె" అని పక్కింటివాళ్లు చెబితే రేపు ఆఫీసుకి సెలవు పెట్టకండి.

నా సంగతీ చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అమెరికాలో ఉన్న క్లయింట్ మేనేజర్‌కి "యూ క్లెయిమ్డ్ దట్ ద సర్వర్ వాజ్ అప్" అని రాశాను. మీరు సర్వర్ నడుస్తోందన్నారు కదా, మరి మాకు కనెక్ట్ అవడం లేదు, అని మర్యాదగానే అడిగాననుకున్నాను. ఆవిడకి "మీరు అబద్ధం చెప్పారు" అని వినిపించింది. మా లీడ్ నన్ను మీటింగ్ రూమ్‌లోకి పిలిచి ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చూపించాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "యూ సెడ్" అని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. పెద్ద మాట వాడితే ఇంగ్లిష్ బాగా వచ్చినట్టు ఉంటుందని సెడ్‌ని చిన్నచూపు చూస్తాం గానీ, ఇంకొకరి మాటని చెప్పేటప్పుడు దానంత నమ్మకమైనది లేదు. అందులో పొగడ్తా లేదు, అనుమానమూ లేదు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్లకి అసర్ట్ రోజూ చేతిలో ఉండే మాటే. సెలీనియం ఐడీఈ అనే టెస్టింగ్ టూల్‌లో అసర్ట్ ఫెయిలైతే టెస్ట్ అక్కడికక్కడే ఆగిపోతుంది. వెరిఫై ఫెయిలైతే ఆ సంగతి రాసుకుని ముందుకు పోతుంది. మాటగా కూడా అసర్ట్‌లో ఆ పట్టుదల ఉంది: ఇది ఇంతే, కాకపోతే ఇక ముందుకు నడవదు. అయితే మనుషుల మధ్య వాడినప్పుడు, రుజువు చూపకుండా ధీమాగా చెప్పాడన్న అర్థం కూడా వస్తుంది. అందుకే రిపోర్టులో తోటి ఉద్యోగి గురించి "హి అసర్టెడ్" అని రాసేముందు ఒక్కక్షణం ఆగండి. అప్రైజల్‌లో మేనేజర్ "బీ మోర్ అసర్టివ్" అంటే మాత్రం భయపడకండి. గొంతు పెంచమని కాదు, మీకు తెలిసినది నీళ్లు నమలకుండా చెప్పమని. మన పిల్లలు చాలామంది మీటింగ్‌లో సరైన జవాబు తెలిసీ నోరు మెదపరు. అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇన్సిస్ట్‌కి రెండు ముఖాలు. ఒకటి నొక్కి చెప్పడం, రెండోది పట్టుబట్టడం. "షి ఇన్సిస్టెడ్ దట్ హి వాజ్ దేర్" అంటే అతను అక్కడే ఉన్నాడని నొక్కి చెప్పింది. "దట్ హి బీ దేర్" అంటే అతను అక్కడ ఉండి తీరాలని పట్టుబట్టింది. వాజ్ స్థానంలో బీ వస్తే అర్థమే మారిపోయింది. ఇక మెయింటెయిన్, చేతిలో పట్టుకోవడం అన్న లాటిన్ మూలం నుంచి వచ్చింది. ఎదుటివాళ్లు కాదంటున్నా మొదటి నుంచీ అన్నమాట మీదే నిలబడటం. ఎవరూ కాదననప్పుడు అది అక్కర్లేదు.

అఫర్మ్ ఆఫీసు మాట కాదు. రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో పదవీ ప్రమాణానికి రెండు దారులున్నాయి, దేవుడి పేరు మీద స్వేర్ చేయొచ్చు, లేదా దేవుడి పేరు లేకుండా సాలెమ్న్‌లీ అఫర్మ్ అనొచ్చు. టీవీలో "దైవసాక్షిగా" అని వింటామే, అది మొదటి దారి. కోర్టు సాక్షులకి కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం ఆ రెండో దారి ఇచ్చింది. అంత బరువైన మాటని టైమ్‌షీట్ మెయిల్‌లో పెట్టకండి. మీకు కావాల్సింది కన్ఫర్మ్. అదీ కళ్లారా చూసుకున్నాకే. "అయ్యుంటుంది" అనిపించిన పనికి "ఐ కన్ఫర్మ్" అని రాస్తే, రాత్రి పదకొండుకి ఫోన్ మోగేది మీకే.

అస్యూర్ మనిషికి ఇచ్చే హామీ, ఎన్‌ష్యూర్ పని జరిగేలా చూసుకోవడం. ఇంతే తేడా.

విదేశాలకి అప్లై చేసే పిల్లలకి ఒకటి. రెజ్యూమె అడుగున "ఐ హియర్‌బై డిక్లేర్..." అని రాసి, ఊరి పేరు, తేదీ, సంతకం పెట్టడం మన అలవాటు. అమెరికా, బ్రిటన్ రెజ్యూమెల్లో అది మామూలుగా ఉండదు, తీసేయండి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు అడిగినప్పుడు మాత్రం డిక్లేర్ చేయాల్సిందే. అధికారికంగా, బాధ్యత మీద వేసుకుని బయటపెట్టడం అని ఆ మాటకి అర్థం.

ఇంతకీ తమ్ముడి మెయిల్. క్లెయిమ్ ఉన్న వాక్యం మొత్తం కొట్టేశాం. దాని బదులు, తాళాలిచ్చిన రోజు తీసిన గోడల ఫొటోలు నాలుగు జతచేసి "ప్లీజ్ సీ ద ఫొటోస్" అని రాశాం. ఒక నెలది చాలని ఓనర్ అన్నమాటకి "యూ సెడ్", ఆయన వాట్సాప్ మెసేజ్ తేదీతో సహా. చివర ఇన్సిస్ట్ పెడదామా అని అడిగాడు. వద్దన్నాను, ఒక నెలన్న తన మాటని ఆయన ఇంకా కాదనలేదు కదా. మంగళవారం జవాబొచ్చింది. ఒక నెల అద్దె మాత్రమే పట్టుకుని మిగతాది వేస్తానని ఓనర్ రాశాడు. పీజీ తమ్ముడు మెట్లెక్కి వచ్చి ఆ మెయిల్ నాకు చూపించి, అందులో ఆయన ఏ క్రియ వాడాడో వెతికాడు. "ఐ అగ్రీ" అని ఉంది.