ఇంటివాళ్లు మంచం పట్టారు.. కొట్టంలో పశువుల సంగతేంటి?

ప్రశ్న: ఊళ్లో అంటు జ్వరం వచ్చి ఆరు ఇళ్లవాళ్లు గడప దాటడం లేదు. వాళ్ల ఆవులు, గేదెలు, మేకలను మేం నలుగురం చూసుకుంటున్నాం. మేత, నీళ్లు పెడుతున్నాం. ఇంకా ఏమేం గమనించాలి? మా ద్వారా రోగం పాకకుండా ఎలా?

జవాబు: ముందు యజమానికి ఫోన్ చేసి ఏది చూడిది, ఏది ఎప్పుడు ఈనింది, ఏది పూటకు ఎన్ని లీటర్లిస్తుంది, దేనికి మందు నడుస్తోంది, ఏది తంతుంది అని అడిగి రాసుకోండి. మామూలు ఏదో తెలియకపోతే తేడా కనబడదు.

కొట్టంలోకి వెళ్లకముందు రెండు నిమిషాలు బయటే నిలబడి చూడండి. కొత్త మనిషిని చూడగానే పశువు లేచి నిలబడుతుంది, బాధ పైకి కనిపించనివ్వదు. తీరిగ్గా పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తుండాలి. విడిగా తల వాల్చి నిలబడినది, మేత ముట్టనిది, నిన్నటి నుంచి పేడ వేయనిది ఉంటే దాన్నే ముందు పరీక్షించండి. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనిస్తే రెండు నిమిషాల్లో కనీసం రెండుసార్లు పొట్ట కదలిక చేతికి తగలాలి. ఒంటి వేడి ఆవుకు 101 నుంచి 102.5, మేకకు 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. ఆవు నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే ఎండదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి తగలనివ్వండి.

ఇలాంటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు జాలితో దాణా ఎక్కువ పెట్టడం. గింజలు, పిండి ఒక్కసారిగా పెరిగితే పొట్టలో ఆమ్లం పుట్టి, కదలిక ఆగి, పల్చటి పుల్లని పేడతో పశువు కూలబడుతుంది. ఉన్న మేతనే, ఉన్న వేళకే పెట్టండి. మార్చక తప్పకపోతే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. నీళ్లకు మాత్రం లోటు రానీయొద్దు, పాలిచ్చే ఆవు రోజుకు 60 లీటర్లు దాటి తాగవచ్చు.

పాలు పితకడం ఒక్క పూట కూడా మానొద్దు, పొదుగులో పాలు నిలిస్తే వాపు వస్తుంది. ప్రతి చన్ను నుంచి మొదటి మూడు ధారలు నల్లటి గిన్నెలోకి పిండండి. గడ్డలు, నీళ్లలాంటి పాలు కనబడితే దాన్ని చివర పితకండి, ఆ పాలు వేరుగా పారబోయండి. మందు పడ్డ పశువు మెడకు గుడ్డపీలిక కడితే పాలు కలవవు.

ఈనిన మూడు రోజుల్లో చెవులు చల్లబడి, మెడ డొక్క వైపు తిప్పుకుని పడిపోతే అది పాలజ్వరం. నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే పశువైద్యుడు కాల్షియం ఎక్కించాలి.

ఇక రోగం పాకే సంగతి. ఒక్కొక్కరు ఒకటి రెండు ఇళ్లే పట్టండి. నలుగురూ అన్నిచోట్లా తిరగొద్దు. ఇంటివాళ్లతో దూరం నుంచే మాట్లాడండి. బకెట్లు, పలుపులు ఏ ఇంటివి ఆ ఇంటికే. ఒక కొట్టం నుంచి బయటికి రాగానే బూట్ల పేడను ముందు బ్రష్‌తో కడిగేయాలి, ఎందుకంటే పేడ మీద క్లోరిన్ పనిచేయదు. తర్వాత 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ ఉన్న బ్లీచ్ ద్రావణం) 20 మిల్లీలీటర్లు ఒక లీటరు నీళ్లలో కలిపి తుడవండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. ఆమ్లం ఉన్న క్లీనర్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. దీన్ని పొదుగుకు పూయకండి.

ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో తాకొద్దు, బ్రూసెల్లా అనే రోగక్రిమి మీకు సోకవచ్చు. హఠాత్తుగా చచ్చి ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని రక్తం కారితే దొమ్మరోగమని అనుమానించాలి. తోలు తీయొద్దు, కోయొద్దు, కుక్కలను రానీయొద్దు, పశువైద్యుడికి చెప్పండి.

మీలో ఎవరికైనా తర్వాత జ్వరం వస్తే, పశువుల దగ్గర పనిచేశామని డాక్టరుకు మీరే చెప్పాలి. ఆయన అడగకపోవచ్చు.