పాపికొండల్లో పులి కనిపిస్తుందా?

పాపికొండల విహారానికి వెళ్తే పులి గాని అడవిదున్న గాని కనిపిస్తుందా, కనిపించకపోతే అంత దూరం వెళ్ళడం దండగ కాదా అని అడిగారు. లాంచీ మీద వెళ్ళేవారికి అవి కనిపించవు. పులీ, చిరుతా, అడవిదున్నా, కొండగొర్రే తిరిగే అడవే అది. 1978లో అభయారణ్యంగానూ, 2008లో జాతీయ ఉద్యానవనంగానూ ప్రకటించిన, దాదాపు 1,012 చదరపు కిలోమీటర్ల అడవి. అయితే జనసందడి వినబడే ఒడ్డుకు అవి పగటిపూట రావు. అక్కడ మనం వెతకవలసినది ముక్కు మీద కొమ్ముండే హార్న్‌బిల్ పక్షిని అని నా గట్టి నమ్మకం.

మాది కోనసీమ. ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి లంకల మధ్య విస్తరించిన గోదావరిని చూస్తూ పెరిగినవాళ్ళం కనుక, అదే నది కొండల నడుమ అంత ఇరుకున పారడం మాకు ఎప్పుడూ వింతే. ఒక శీతాకాలంలో బంధువులతో కలిసి గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాము. బయలుదేరినది మొదలు సినిమా పాటలు మోగుతూనే ఉన్నాయి. కొండలు దగ్గరపడ్డ కొద్దీ ఆ మోత ప్రతిధ్వనించి రెట్టింపైంది. డబ్బు చెల్లించి అడవికి వెళ్ళి, అడవి గొంతు వినబడకుండా చేసుకోవడం ఎంత అన్యాయమో నిర్వాహకులకు ఎవరైనా చెప్పాలి.

పేరంటపల్లిలో లాంచీ ఆగింది, పాటలూ ఆగాయి. గుడి పక్క సెలయేటి గట్టున నిలబడి ఉండగా, నెత్తి మీద ఎవరో తడిబట్ట విదిలించినట్టు చప్పుడైంది. నలుపు తెలుపుల పెద్ద పక్షి ఒకటి, పసుపుపచ్చని పొడవాటి ముక్కు మీద కొమ్ముతో, ఏరు దాటి ఎదుటి చెట్లలోకి పోయింది. వెనుకనే రెండవది. వెదురు బుట్టలు అమ్ముతున్న కొండరెడ్డి తెగ పెద్దావిడ తలెత్తకుండానే, "మేడిపళ్ళు పండితే రోజూ వస్తాయి బాబూ" అన్నది.

ఆడ హార్న్‌బిల్ పెద్ద చెట్టు తొర్రలో చేరి, ముక్కు పట్టేంత సందు మాత్రమే వదిలి ద్వారం మూసుకుంటుంది. గుడ్లు పొదిగినంత కాలం మగపక్షే ఆ సందులోంచి ఆహారం అందిస్తుంది. అంతటి తొర్ర పడాలంటే చెట్టు ముదరాలి. కొత్తగా నాటిన తోటల్లో అది దొరకదు. మర్రి, రావి, మేడి పళ్ళు తిని గింజలను దూరదూరాలకు చేర్చేదీ ఈ పక్షే. అందువల్ల ఈ జంట తిరిగే కొండ మీద ముసలి చెట్లు ఇంకా మిగిలి ఉన్నాయని నమ్మవచ్చు. పులి కనిపించినా అడవి బాగుందని నాకు ఇంతటి భరోసా కలగదు.

నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. వరద రోజుల్లో లాంచీలు నడపరు. భోజనాల ప్లాస్టిక్ పళ్ళేలు ఎవరినీ నదిలో వేయనివ్వకండి, ఆ నీరే మన కాలువల్లోకి వస్తుంది. పాటలు ఆపమని మాత్రం టిక్కెట్టు కొనక ముందే అడగండి, ఎక్కిన తరువాత ఎవరూ వినిపించుకోరు.