మూడో పేజీలోని ఒక వాక్యం గురించి

మిత్రులకు నమస్కారం.

పరివర్తన లోహ సంశ్లిష్టాల (మధ్యలో లోహ అయాన్, దాని చుట్టూ లైగాండ్లనే అణువులు లేదా అయాన్లు ఉండే సమ్మేళనాల) ఆకృతులపై మీరు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే మూడో పేజీలో "జాన్–టెల్లర్ సిద్ధాంతం ప్రకారం కాపర్ అష్టముఖి నిలువుగా సాగుతుంది" అన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది (అష్టముఖి అంటే మధ్యలోని లోహం చుట్టూ ఆరు లైగాండ్లు అమరిన ఆకృతి). ఈ ఉత్తరానికి కారణం ఆ వాక్యమే.

1937లో జాన్, టెల్లర్ చెప్పింది అది కాదు. సరళరేఖాకృతి లేని అణువులో ఆర్బిటాళ్ల (ఎలక్ట్రాన్లు ఉండే ప్రాంతాల) వల్ల సమశక్తి స్థితులు ఏర్పడితే, ఆ అణువు అదే సౌష్ఠవంలో నిలవలేదనీ, విరూపం చెంది శక్తిని తగ్గించుకుంటుందనీ మాత్రమే వారు నిరూపించారు. ఆ విరూపం ఏ దిశలో (సాగుతుందా, నొక్కుకుపోతుందా), ఎంత మేరకు అన్నవి అందులో లేవు. కాపర్(II)లో, అంటే రెండు ధనావేశాలు గల కాపర్ అయాన్‌లో, తొమ్మిది డి-ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఇ-జి జంటలో (అష్టముఖిలో ఒకే శక్తి గల రెండు డి-ఆర్బిటాళ్లలో) మూడు ఎలక్ట్రాన్లను అమర్చడానికి సమానమైన మార్గాలు రెండున్నాయి కనుక విరూపం తప్పదని ముందే చెప్పవచ్చు. ఆ ఆర్బిటాళ్లు లైగాండ్లకు ఎదురుగా ఉంటాయి కనుక అది గణనీయంగా ఉంటుందనీ ఊహించవచ్చు. కాపర్ ఫ్లోరైడ్‌లో నాలుగు బంధాలు 1.93 ఆంగ్‌స్ట్రాములు, రెండు 2.27 ఆంగ్‌స్ట్రాములు అన్న సంగతి మాత్రం కొలిచి తెలుసుకున్నదే. ఊహకూ కొలతకూ మధ్య ఉన్న ఈ గీతను చెరిపేసే హక్కు విజ్ఞాన రచయితకు లేదని నా గట్టి నమ్మకం.

నా తొలి వ్యాసంలో "దిశను సిద్ధాంతం చెప్పదు" అని రాశాను. పాఠకుడికి సందేహాలు వద్దంటూ సంపాదకుడు ఆ వాక్యమున్న పేరాను కొట్టేసి, "ఎలక్ట్రాన్లకు ఇరుకు నచ్చదు" అని చేర్చాడు. అది నా పేరుతోనే అచ్చయింది, ఆ బాధ ఇంకా పోలేదు. ఎలక్ట్రాన్లకు ఇష్టాయిష్టాలు అంటగట్టే ఆ అలవాటు ఇప్పటికీ పత్రికలను వదల్లేదు. ఆయన కొట్టేసిన పేరాలోనే పొటాషియం టెట్రాఫ్లోరోక్యుప్రేట్ అనే కాపర్ సమ్మేళనం కథ ఉంది. అందులోని అష్టముఖులు నొక్కుకుపోయాయని మొదట భావించారు; అవి సాగినవేననీ, వాటి పొడవైన అక్షాలు పక్కపక్కన ఒకదానికొకటి లంబంగా అమరి ఉన్నాయనీ తరువాత తేలింది. పరిశోధకులనే తడబడేలా చేసిన దిశను మీరు ఒక్క వాక్యంలో ఎలా తేల్చేశారు?

ఆరు లైగాండ్ల నికెల్(II)ను కూడా మీరు ఇలా విరూపం చెందేవాటి జాబితాలో చేర్చారు. అక్కడ ఇ-జి ఆర్బిటాళ్లలో ఒక్కొక్క ఎలక్ట్రాన్ చొప్పున ఉంటుంది, మరో అమరికకు చోటు లేదు కనుక ఈ విరూపానికి కారణమే లేదు; ఆ పేరా తీసేయండి. దాని స్థానంలో పొటాషియం లెడ్ హెక్సానైట్రోక్యుప్రేట్ అనే మరో కాపర్ సమ్మేళనం గురించి రాయండి. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఎక్స్-కిరణాలకు దానిలోని ఆరు కాపర్–నైట్రోజన్ బంధాలూ సమానంగానే కనిపిస్తాయి, ఎందుకంటే సాగిన అక్షం నిరంతరం మారుతూ ఉండటంతో మనకు అందేది సగటు మాత్రమే. ఆ పేజీ తిరగరాసి పంపండి, వెంటనే చదువుతాను.