నిమ్మరసంలో గమ్ ఎందుకు నీరుగారింది?

ప్రశ్న: లీటరు నిమ్మరసం, 2 కిలోల పంచదార, లీటరు నీళ్లు, 8 గ్రాముల గ్వార్ గమ్ కలిపి 20 నిమిషాలు మరగించి స్క్వాష్ చేశాను. గమ్ వేయగానే గంజిలా చిక్కబడింది, మరిగేకొద్దీ పలచనైంది. చల్లారాక కూడా చిక్కబడలేదు. మళ్లీ 4 గ్రాములు చల్లితే ఉండలు కట్టింది. పదిహేను రోజులకు గుజ్జంతా అడుక్కి దిగింది. గమ్ కల్తీదా?
– ఒక పాఠకురాలు, పొదలకూరు

జవాబు: కల్తీ అనుకోనక్కర్లేదు, మీరు కలిపిన వరస తప్పు. గోరుచిక్కుడు గింజ నుంచి తీసే ఈ పొడిలో అణువులు పొడవాటి దారాల్లా ఉంటాయి. అవి నీళ్లలో ఒకదానికొకటి చిక్కుపడటమే చిక్కదనం. ఉత్త వేడికి కొంత పలచబడినా చల్లారితే తిరిగొస్తుంది. పులుపూ వేడీ కలిస్తే మాత్రం దారమే తెగుతుంది, తెగింది మళ్లీ అతకదు. ఒక్కో దారం నడిమికి తెగినా చిక్కదనం సగానికి కాదు, అంతకంటే చాలా కిందికి పడిపోతుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కంటే తగ్గితే గ్వార్ గమ్‌ను మరగించకూడదు. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6. పంచదార ఆ పులుపును నాలుకకు దాస్తుందే గానీ పీహెచ్‌ను మార్చదు.

ఉండలకు కారణం వేరు. పాకంలో నీళ్లను అప్పటికే పంచదార పట్టేసుకుంది. పొడి పైపొర నాని జిగటై, లోపలికి నీరు పోనివ్వలేదు.

ఈసారి ఇలా చేయండి. 8 గ్రాముల గమ్‌ను, 2 కిలోల్లోంచి తీసిన 80 గ్రాముల పంచదార పొడితో పొడిగానే బాగా కలపండి. లీటరు మంచినీళ్లను కవ్వంతో తిప్పుతూ, సుడి మీద కొద్దికొద్దిగా చల్లండి. రెండు గంటలు నాననివ్వండి. ఈ దశలో చుక్క నిమ్మరసం కూడా తగలకూడదు. తర్వాత మిగతా పంచదార వేసి, కరిగేదాకా వేడిచేసి, తెర్లకముందే దించి వడకట్టండి. పాకం చేతికి గోరువెచ్చగా తగిలేదాకా చల్లారాకే రసం పోయాలి. రసం ఉడకలేదు కాబట్టి చేదెక్కదు, వాసనా పోదు. అయితే నిల్వకు మందు తప్పదు: కిలో స్క్వాష్‌కు 0.6 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్, అంటే మీ 4 కిలోలకు 2.4 గ్రాములు, చెంచాడు నీళ్లలో కరిగించి చివర్లో కలపండి. కంటితో అంచనా వేయొద్దు, తూకం వేయండి. పాత్ర స్టీలుదే వాడండి, అల్యూమినియం వద్దు.

ఇంత చేసినా ఆ పులుపులో దారాలు నెమ్మదిగా తెగుతూనే ఉంటాయి. నెల్లూరు ఎండల్లో సీసా గదిలోనే ఉంటే ఇంకా త్వరగా. ఇంటి వాడకానికి ఫ్రిజ్ చాలు. అమ్మకానికైతే మా సలహా గ్వార్ గమ్ మానేసి 4 గ్రాముల జాంథన్ గమ్ వాడమనే, కలిపే పద్ధతి ఇదే. అది చెట్టు బంక కాదు, బ్యాక్టీరియా పులియబెట్టగా వచ్చేది. పులుపుకూ వేడికీ బాగా తట్టుకుంటుంది.

ప్రశ్న: నిమ్మ షర్బత్‌లో లీటరుకు 10 గ్రాముల గమ్ అరబిక్ వేసినా చిక్కబడలేదేం?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చిక్కబడదు. ఇది తుమ్మజాతి చెట్టు బంక, దీని అణువు గ్వార్ గమ్‌లా దారంగా చాచుకోదు, కొమ్మలతో ముద్దగా ముడుచుకుని ఉంటుంది. లీటరుకు 100 గ్రాములు వేసినా దాదాపు నీళ్లలాగే పారుతుంది. నిమ్మనూనె బొట్లు పైకి తేలకుండా పట్టి ఉంచడం దీని పని. చిక్కదనమే కావాలంటే పై జవాబులోని గమ్‌లు చూడండి.