విండర్‌మియర్ కుర్రాడి పేరు ఎందుకు దొరకట్లేదంటే

నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి, 1945లో ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్‌కు చేరిన యూదు పిల్లల్లో ఒకరి పేరు వెతికితే దొరకట్లేదని అడిగారు. చిక్కు బహుశా పేరులో లేదు, పుట్టిన ఏడాదిగా మీరు కొట్టిన 1928లో ఉంది. 1945లో బ్రిటన్ రానిచ్చింది 16 ఏళ్లలోపు యూదు అనాథలనే. పదిహేడేళ్లవాళ్లు కొందరు వయసు తగ్గించి చెప్పారు. కాగితాలే మిగలనప్పుడు ఇంకేం చేస్తారు!

1. ఆరోల్సెన్ ఆర్కైవ్స్ (నాజీ బాధితుల రికార్డుల భాండాగారం) ఆన్‌లైన్‌లో ఉచితం. ఇంటిపేరుతో వెతకండి, పుట్టిన ఏడాది వేయకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: 1929, 1930, 1931 అని ఉన్నవాళ్లనూ తెరిచి చూడండి. ఏడాది తేడా ఉందని పక్కన పెట్టొద్దు. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు కలిస్తే అతనే అయ్యుండొచ్చు.

3. ఇంటిపేరుకు పోలిష్, జర్మన్ స్పెల్లింగులు రెండూ వేయండి.

4. ఆ పిల్లలను బ్రిటన్‌కు తెచ్చిన సహాయ సంస్థ సెంట్రల్ బ్రిటిష్ ఫండే ఇప్పటి వరల్డ్ జ్యూయిష్ రిలీఫ్. పాత ఫైళ్ల కోసం కుటుంబసభ్యుల చేత అడిగించండి.